నక్షత్రాలు చూసి విత్తనం కొందామా?
(మండల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



వానాకాలం ముంగిట్లో ఉన్నాం. ఇదివరకు ఈ రోజుల్లో మన మాటలన్నీ ఏ డీలరు దగ్గర ఏ విత్తనం ఉంది, ఉద్దెర ఇస్తాడా ఇయ్యడా అన్న దాని చుట్టే తిరిగేవి. ఇప్పుడు పిల్లలు ఫోను ముందు పెట్టి, 'నాయినా, దీనికి నాలుగున్నర నక్షత్రాలున్నయి, ఇదే తెప్పిద్దాం' అంటున్నారు. మేము తప్పు పట్టడం లేదు. డీలరు చెప్పేది మాత్రం వేదమా? ఏ కంపెనీ కమీషన్ ఎక్కువిస్తే ఆ డబ్బానే ముందుకు జరిపేవాళ్లను చూడలేదా? అయితే ఆ నక్షత్రాలు ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు అని చూడకుండా పైసలు కట్టడం గురించి ఈ రోజు నాలుగు మాటలు చెప్పుకుందాం.

మన సభ్యులు కొందరు నిరుడు బ్యాటరీ స్ప్రేయర్లు తెప్పించుకున్నారు. వందల రివ్యూలు, అన్నీ మెప్పులే. రెండు ట్యాంకులు కొట్టగానే చార్జింగ్ దిగిపోయింది. తర్వాత కూర్చుని ఆ రివ్యూలను కిందిదాకా చదివాం. పాతవాటిలో సగం స్ప్రేయర్ గురించి కానే కాదు, ఫోను కవర్ గురించి! పాత సరుకుకు వచ్చిన పేరును అదే పేజీలో కొత్త సరుకుకు తగిలించారన్నమాట. ఇది మన దగ్గరే జరిగేది కాదు. 2023లో అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటి పనికే విటమిన్లు అమ్మే బౌంటిఫుల్ కంపెనీతో 6 లక్షల డాలర్లు కట్టించింది. మన పార్సిల్‌లో ఒక చీటీ కూడా వచ్చింది. ఐదు నక్షత్రాలు పెట్టి ఫొటో పంపితే వంద రూపాయలు వాపసు అని. మనవాడొకరు పంపాడు, వంద వచ్చింది. నవ్వకండి, ఆ నక్షత్రం చూసి ఇంకో ఊరి రైతు కొని ఉంటాడు.

మన ప్రభుత్వం కూడా 2022 నవంబరులో ఆన్‌లైన్ రివ్యూలకు ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. రాసినవారి గుర్తింపు సరిచూడాలి, రాసింది మార్చకూడదు అని అందులో ఉంది. కానీ ఇష్టముంటే పాటించండన్నారు. ఇష్టముంటే అన్నాక ఇంకేముంది!

స్ప్రేయర్ పోతే రెండు మూడు వేలు. విత్తనం పోతే ఏడాది పోయినట్టే. పత్తి జూన్‌లో పెడతాం, కాయ పగిలేసరికి అక్టోబరు, నవంబరు అవుతుంది. జూన్‌లోనే పడ్డ ఐదు నక్షత్రాలు దేనికి? పొట్లం టైముకు అందినందుకు. అందుకని విత్తనం రివ్యూలో ముందు తేదీ చూడండి. తర్వాత నేల. నల్లరేగడిలో బోరు కింద పండిన పత్తి ముచ్చట, దేవరకొండ, కల్వకుర్తి చెల్కల్లో వానను నమ్ముకున్న మనకు ఏం పనికొస్తుంది? ఎన్ని ఎకరాలు, ఎన్నిసార్లు ఏరారు, ఎన్ని క్వింటాళ్లు అన్నది లేని మెప్పును పక్కన పెట్టండి. ఒకటి, రెండు నక్షత్రాలవి ముందు చదవండి. నలుగురు నాలుగు తీర్ల మాటల్లో 'మొలక రాలేదు' అంటే ఆలోచించాలి. పదిమంది ఒకే మాటతో పొగిడితే అనుమానించాలి.

కలుపు మందు తట్టుకునే పత్తికి మన దేశంలో అనుమతి లేదు. అయినా బీజీ-3 అంటూ అమ్ముతున్నారు. దానికి ఎన్ని నక్షత్రాలున్నా బిల్లు ఉండదు, నష్టపోతే అడిగే దిక్కుండదు. పురుగు మందులు ఆన్‌లైన్‌లో అమ్మడానికి 2022లో అనుమతి వచ్చింది గాని, లైసెన్స్ ఉన్నవాళ్లే అమ్మాలి.

మరి పక్క రైతునే అడిగితే సరిపోతుందా? గ్లెన్ డేవిస్ స్టోన్ అనే అమెరికా పరిశోధకుడు వరంగల్ ఊళ్లలో ఏళ్లకేళ్లు తిరిగి 2007లో ఒక వ్యాసం రాశాడు. ఊరంతా ఒక్కసారిగా ఒకే రకం విత్తనం మీద పడటం, మరుసటేడు దాన్ని వదిలి ఇంకోదానికి పోవడం, ఎవరూ పరీక్షించి చూడకుండా ఒకరిని చూసి ఒకరు కొనడం ఆయన గమనించాడు. చదివితే మనకు కోపం వస్తుంది గాని, అబద్ధమని మాత్రం అనలేం. కొత్త రకమైతే ముందు అరెకరంలో వేసి చూడటమే మంచిదని సంఘం అభిప్రాయం.

ఎక్కడ కొన్నా బిల్లు, ఖాళీ ప్యాకెట్, లాట్ నంబరున్న ట్యాగ్ దాచండి. ఆన్‌లైన్‌ది విప్పేటప్పుడు ఫోనులో వీడియో తీయండి. మొలక దెబ్బతింటే చేను దున్నేయకముందే వ్యవసాయాధికారికి రాసిచ్చి, చూపించండి. మహబూబ్‌నగర్, కర్నూలు, గుంటూరు, ఖమ్మం వినియోగదారుల ఫోరాల్లో గెలిచిన రైతుల మీద జాతీయ విత్తన సంస్థ సుప్రీంకోర్టుదాకా పోయింది. 2012 జనవరిలో కోర్టు రైతుల పక్షానే తీర్పిచ్చింది. కొన్న విత్తనమంతా చేనులో వేసే రైతును, పరీక్షకు శాంపిల్ ఎందుకు దాచలేదని అడగకూడదంది. 2019 చట్టం ప్రకారం మన జిల్లా కమిషన్‌లోనే, రెండేళ్లలోపు కేసు వేయవచ్చు. ఐదు లక్షల దాకా ఫీజు లేదు. సలహాకు 1915కు ఫోన్ చేయండి.

సంఘం ఆఫీసులో ఒక రిజిస్టర్ పెట్టాం. ఏ విత్తనం, ఏ లాట్, ఏ నేల, ఎప్పుడు పెట్టారు, ఎంత పండింది అన్నది పత్తి ఏరడం అయ్యాకే రాయాలి. కంపెనీ పేరుతో కొట్లాట పెట్టుకోవద్దు, ఉన్నది ఉన్నట్టు రాయండి. నిరుటి ప్యాకెట్లు ఎవరి దగ్గరన్నా ఉంటే వచ్చే సమావేశానికి పట్టుకురండి, అక్కడినుంచి మొదలుపెడదాం.