కుట్లు విప్పాక ఏడాది



మన గురువుగారి జ్ఞాపకార్థం జరిగే ఈ సభలో ముఖం మీది మచ్చల శస్త్రచికిత్స చరిత్ర చెప్పమన్నారు. ముందే ఒక మాట మనవి చేస్తాను. మచ్చను ఆనవాలు లేకుండా తీసేసే ఆపరేషన్ ఈనాటికీ లేదు. ఉన్న మచ్చను సన్నగా, మెత్తగా, కంటికి ఆనకుండా చేయగలం, అంతే.

ఈ విద్య మన దేశంలో చాలా పాతది. తెగిన ముక్కును అతికే పద్ధతిని సుశ్రుత సంహిత వివరించింది. 1792 నాటి మైసూరు యుద్ధంలో ఇంగ్లీషు సైన్యానికి ఎడ్లబండి తోలే కావస్‌జీ టిప్పు మనుషులకు చిక్కి ముక్కు పోగొట్టుకున్నాడు. పుణె దగ్గర ఒక సంప్రదాయ వైద్యుడు అతని నుదుటి చర్మాన్ని కోసి, ఒక కొస తెగకుండా కిందికి తిప్పి, కొత్త ముక్కు కట్టాడు. 1794లో ఆ కథ లండన్ పత్రికలో అచ్చయింది. 1814లో జోసెఫ్ కార్ప్యూ అనే సర్జన్ అక్కడ అదే పద్ధతిలో ఆపరేషన్ చేశాడు. అవన్నీ మత్తుమందు లేని రోజులు.

మత్తుమందు విషయంలో మన హైదరాబాద్‌ది పెద్ద పాత్ర. 1846లో ఇక్కడ వైద్య పాఠశాల మొదలైంది. క్లోరోఫాం మత్తుతో మనుషులు ఎందుకు చనిపోతున్నారో తేల్చడానికి 1888లో, 1889లో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఖర్చు భరించారు. ప్రమాదమంతా ఊపిరిదేనని, గుండెది కాదని వారు తేల్చిన మాట తరువాత నిలవలేదు. రోగి ఊపిరిని కనిపెట్టుకుని ఉండాలన్న పాఠం మాత్రం నిలిచింది. ఆ వైద్య పాఠశాలలోనే చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా చెప్పుకుంటాం. రోగి కదలకుండా పడుకుంటేనే కదా, కనురెప్ప అంచున కుట్టు సరిగ్గా పడేది!

1908 మూసీ వరదలో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకుపోయింది. ఆ తరువాత ఏడో నిజాం కాలంలో లేచిందే మన ఉస్మానియా దవాఖానా. నయాపూల్ దాటి వచ్చే పాతబస్తీ జనానికి కాలిన గాయమైనా, బండి మీంచి పడ్డ దెబ్బయినా మొదట గుర్తొచ్చేది అదే.

ఇప్పుడు ఆపరేషన్ బల్ల దగ్గరికి వద్దాం. పెదవి మూలను కిందికి లాగేస్తున్న మచ్చ ఉందనుకోండి. సర్జన్ ముందు సిరాతో గీత గీస్తాడు. మచ్చ వెంట ఒక గాటు, దాని రెండు కొసల నుంచి అరవై డిగ్రీల వాలులో చెరొక గాటు. రెండు త్రికోణాలు లేస్తాయి. వాటిని ఒకదాని చోట ఒకటి మార్చి కుడతాడు. లెక్క ప్రకారం మచ్చ పొడవు డెబ్బై ఐదు శాతం దాకా పెరుగుతుంది, లాగుడు వదులుతుంది. దీన్నే జెడ్-ప్లాస్టీ అంటారు. మచ్చ మరీ వెడల్పయితే చెవి వెనకనుంచో మెడ నుంచో చర్మం తెచ్చి గ్రాఫ్టు వేస్తారు.

ముఖం మీది కుట్లు వారం లోపే విప్పుతారు. రోగి బెంగపడేది ఆ తరువాతే. మొదటి రెండు మూడు నెలలు మచ్చ ఎర్రబడుతుంది, గట్టిపడుతుంది, దురద పెడుతుంది. ఆపరేషన్ చెడిందని చాలామంది రావడం మానేస్తారు. నిజానికి అప్పుడు లోపల కొల్లాజెన్ పోగులు సర్దుకుంటూ ఉంటాయి. అది తెల్లబడి మెత్తబడడానికి ఏడాది, ఒక్కోసారి ఏడాదిన్నర పడుతుంది. అంతకాలం మర్దన చేయాలి, సిలికాన్ పట్టీ వేయాలి, ఎండ తగలకుండా చూసుకోవాలి. కీలాయిడ్‌గా ఉబ్బితే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు వేయించుకోవాలి. రోజుకూలీకి ఇన్నిసార్లు ఓపీ క్యూలో నిలబడడమంటే అన్ని రోజుల కూలి పోవడమే.

ముఖాన ఇలాంటి మచ్చలు మిగిలే యాసిడ్ దాడి బాధితులకు కనీసం మూడు లక్షల పరిహారం ఇవ్వాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రైవేటు ఆసుపత్రులు కూడా ప్లాస్టిక్ సర్జరీతో సహా ఉచితంగా వైద్యం చేయాలని 2015లో స్పష్టం చేసింది. ఈ హక్కు సంగతి బాధితుల గుమ్మం దాకా చేరాలి.

మచ్చ పడ్డాక సరిచేయడం కన్నా పడకుండా చూడడం మేలు. మూడు వారాలు దాటినా మానని కాలిన గాయం లావుపాటి మచ్చగా మిగిలే ముప్పు ఎక్కువ. అందుకే గాయాన్ని త్వరగా కప్పాలి. ఉస్మానియాలో 2021లో స్కిన్ బ్యాంకు మొదలైంది. దాత మరణించిన ఆరు గంటల లోపు తొడల నుంచి, వీపు నుంచి చర్మంలో పలుచని పొర మాత్రమే తీసుకుంటారు. బ్లడ్ గ్రూపు కలవనక్కర్లేదు. ఆ చర్మం శాశ్వతంగా అతుక్కోదు, కానీ రోగి సొంత చర్మం సిద్ధమయ్యేదాకా గాయాన్ని కాపాడుతుంది.

కళ్లు దానం చేస్తున్నాం. ఇకపై చర్మం కూడా ఇస్తామని ఇంట్లోవాళ్లకు ఈ రాత్రే చెప్పి ఉంచండి. గురువుగారికి మనం చేయగల స్మారకం అదే.