నూనె కన్నా ముందు గుడ్డ

సైకిల్ చైన్ కరకరమంటే నూనె పోయాలని మన ఇళ్లలో చిన్నపిల్లలు కూడా చెబుతారు. అది సగమే నిజం. మన బోధన్ చుట్టూ ఉన్నది నల్లరేగడి. నిజాంసాగర్ కాలువ నీళ్లకు చెరకు పండించిన ఈ నేలే వానాకాలంలో బంకై టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య పట్టుకుంటుంది, ఎండాకాలంలో దుమ్మై లేస్తుంది. ఇక్కడ సైకిల్‌ను తినేసేది బరువు కన్నా, వయసు కన్నా, సందుల్లోకి దూరే ఈ మట్టే. దాన్ని తుడవకుండా పైన నూనె పోస్తే నూనె మట్టిని పట్టి ఉంచుతుంది. కాబట్టి మొదటి పని తుడవడం.

చైన్‌లో నూటికి పైగా కీళ్లుంటాయి. పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం సరిగ్గా అరంగుళం. నూనెతో కలిసి ఇసుక లోపలికి దిగితే పెడల్ తిరిగినప్పుడల్లా పిన్ను కొంత అరుగుతుంది. ఒక్కో కీలులో అరుగుదల కంటికి కనబడదు, కానీ అన్నీ కలిసి చైన్ సాగుతుంది. పిల్లల స్కేలు చాలు, మీరే చూసుకోవచ్చు. సున్నాను ఒక పిన్ను నడిమధ్యన పెట్టండి. పన్నెండో అంగుళం మరో పిన్ను నడిమధ్యన పడాలి. ఆ పిన్ను అంగుళంలో పదహారో వంతు అవతలికి జరిగితే చైన్ మార్చాలి. ఎనిమిదో వంతు దాకా ఆగితే ఫ్రీవీల్ పళ్లు కూడా అరిగి ఉంటాయి, ఖర్చు రెట్టింపు. 1999లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో చైన్‌లను పరీక్షించారు. ప్రయోగశాలలో, శుభ్రమైన చైన్ మీద, నూనె ఉన్నా లేకపోయినా వృథా అయ్యే శక్తిలో పెద్ద తేడా రాలేదు. అంటే నూనె అసలు పని వేగం పెంచడం కాదు, కీలు సందు నింపి మట్టినీ తుప్పునూ రానివ్వకపోవడం. ఆ సందులో ముందే మట్టి ఉంటే నూనె ఇంక దేన్ని ఆపుతుంది?

మా తాతల సైకిళ్లకు ఎవరు ఇంత చాకిరీ చేశారు, అవి దశాబ్దాలు నడవలేదా అని మీరు అడగవచ్చు. నడిచాయి. ఆ నల్ల సైకిళ్లలో చాలావాటికి చైన్‌ను మూసే కవరు, వెడల్పాటి మడ్‌గార్డులు, మందమైన చైన్ ఉండేవి. ఇప్పటి గేర్ల సైకిల్ చైన్ సన్ననిది, పైగా పూర్తిగా బయటే ఉంటుంది. శ్రద్ధ అప్పుడూ ఉంది, కాకపోతే దాన్ని సైకిల్ తయారుచేసినవాడే అందులో బిగించి ఇచ్చాడు. ఇప్పుడది తొక్కేవాడి మీద పడింది. ఇక పైపు పెట్టి బలంగా నీళ్లు కొట్టించడం మేలనుకునేవాళ్లున్నారు. ఆ నీళ్లు హబ్బులోకి దూరి గోళీల చుట్టూ ఉన్న గ్రీజును కడిగేస్తాయి. తడిగుడ్డ చాలు, తరవాత పొడిగుడ్డ. చైన్‌కు కిరోసిన్‌లో తడిపి పిండిన గుడ్డ. ఆరాక పెడల్ వెనక్కి తిప్పుతూ కీలుకో చుక్క కుట్టుమిషన్ నూనె వేసి, పైన మిగిలింది తుడిచెయ్యాలి. బండిలోంచి తీసిన నల్ల ఇంజిన్ ఆయిల్ మాత్రం వద్దు, అందులో సన్నని లోహపు పొడి ఉంటుంది. బ్రేకు రబ్బరు తాకే రిమ్ము మీద ఏ నూనే పడకూడదు.

సందుకో పంచర్ షాపు ఉండగా మనకెందుకీ పని అన్నది చివరి అభ్యంతరం. మెకానిక్ అవసరమే, కానీ అతను చూసేది అరిగాక. అరుగుదల రోజూ జరుగుతుంది. ఇలాంటి అరుగుదలకు చక్కెర ఫ్యాక్టరీలు పాటించే పద్ధతి బోధన్‌కు కొత్త కాదు. 1937లో స్థాపించిన నిజాం షుగర్స్ 2015లో మూతపడేదాకా ఈ ఊరు ఆ యంత్రాల పక్కనే బతికింది. చెరకు ఆడుతున్నన్నాళ్లూ యంత్రాన్ని కనిపెట్టుకుని ఉంటారు, సీజను అయిపోయాక విప్పి అరిగినవి మారుస్తారు. సైకిల్‌కూ ఆ రెండూ కావాలి. వారానికోసారి గుడ్డ మీ చేతిలో, ఏడాదికోసారి విప్పడం మెకానిక్ చేతిలో. వానలు తగ్గే దసరాకు ఆయుధపూజ అని సైకిల్ కడిగి బొట్టు పెడతాం కదా, దానికి ముందు వారమే రెండు హబ్బులూ, పెడల్ ఇరుసూ విప్పించి, పాత గ్రీజు తీసేయించి కొత్తది పెట్టించండి. విప్పుతున్నప్పుడు పక్కనే నిలబడి చూడండి. గ్రీజు తెల్లబడి కనబడితే లోపలికి నీళ్లు చేరాయన్నమాట, గోళీల మీద గుంటలుంటే అవి మార్చమని అడగండి.