నిద్రాశ్వాస రోగి - తన లెక్క

నిద్రలో గొంతు మూసికొని శ్వాస మాటిమాటికి నిలిచిపోవు వ్యాధిని స్లీప్ ఆప్నియా యందురు. ముక్కునకు తొడుగు తగిలించి, గాలిని ఒత్తిడితో పంపి, గొంతును తెరచియుంచు పద్ధతిని 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కాలిన్ సలివాన్ ప్రకటించెను. అదియే సీపాప్ యంత్రము. నేటి యంత్రములు మనము వాడిన గంటలను, గంటకు శ్వాస ఆగిన మారులను, తొడుగునుండి జారిన గాలిని లెక్కగట్టును. శ్వాస ఆగుట గంటకు 5 మారులకు లోబడిన మేలు. 30 దాటిన తీవ్రము.

ఈ లెక్కను తామే చూచుకొనుచున్నామని వైద్యునితో చెప్పుటకు కొందరు జంకుదురు. తనకే పాఠము చెప్పవచ్చితిరని ఆయన కోపించునేమో యని వారి శంక. కాని మెట్టసేద్యము చేయు మన సీమలో పొలము పదును రైతునకు తెలిసినట్లు మరియొకరికి తెలియునా? వైద్యుడు మనలను చూచునది కొన్ని నిమిషములే. వేసవి చెమటకు తొడుగు జారినను, కరెంటు పోయి యంత్రము నిలిచినను, ఎరిగినవారు మీరే.

కావున "అయ్యా, నెల దినముల లెక్క తెచ్చితిని, ఈ మూడు రాత్రులు నాకు బోధపడలేదు" అని వినయముగా అడుగుడు. ఆ అంకెలు యంత్రపు అంచనాలని మరువకుడు. ఒత్తిడిని మీరై మార్చకుడు, మార్చియున్నచో దాచకుడు. అంకెలు బాగున్నను పగటి కునుకు వదలనిచో అదియు చెప్పుడు. కర్నూలునుండి నంద్యాల మీదుగా కడపకు రాత్రివేళ లారీ తోలువానికి ఆ యొక్క మాట ప్రాణములు నిలుపవచ్చును.