ధారకు రూపమిచ్చేది ఎవరు?

(గోవింద్ స్వరూప్ స్మృతిలో బళ్లారి సభలో చేసిన ప్రసంగ పాఠం)



రేడియో ఖగోళవేత్త స్వరూప్ గారి పేరు మీద మాట్లాడతానంటే ఆయన ఊటీ రేడియో టెలిస్కోపు కథే చెబుతానని మీరు అనుకుని ఉంటారు. అదీ వస్తుంది. కాని అలాంటి టెలిస్కోపులకు చిక్కిన వస్తువుల గురించే నేను ఎక్కువ చెప్పదలచుకున్నాను. రేడియో గెలాక్సీ నడిబొడ్డున సూర్యుడికి కోట్ల రెట్లు బరువున్న కృష్ణబిలం ఉంటుంది. దాని చుట్టూ తిరుగుతూ లోపలికి జారే పదార్థంలో కొంత పడకుండా తప్పించుకుని, కాంతివేగానికి దగ్గరి వేగంతో రెండు ఎదురెదురు దిక్కులకు చిమ్ముతుంది. ఈ ధారలనే జెట్లు అంటున్నాం. కొన్ని జెట్లు లక్షల కాంతి సంవత్సరాల దాకా సూటిగా పోతాయి. కొన్ని దారిలోనే చెదిరిపోతాయి, మరికొన్ని వంగిపోతాయి. ఈ తేడా లోపలి కృష్ణబిలం వల్ల వచ్చిందా, బయటి పరిసరం వల్ల వచ్చిందా అన్నదే తగవు. నా మొగ్గు ముందే చెప్పేస్తాను: బయటివైపే.

మొదట జెట్‌ను చూసినాయనకు అది జెట్ అని తెలియదు. 1918లో అమెరికాలోని లిక్ వేధశాలలో హీబర్ కర్టిస్, ఎం87 గెలాక్సీ ఫొటోలో కేంద్రం నుంచి బయలుదేరిన ఒక వింత సన్నని కిరణాన్ని గమనించి రాసిపెట్టాడు. ఆ తర్వాత చాలాకాలం దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

అసలు మలుపు 1953లో వచ్చింది. ఇంగ్లండులోని జోడ్రెల్ బ్యాంక్‌లో రోజర్ జెన్నిసన్, మన దేశం నుంచి వెళ్లిన మృణాల్ కుమార్ దాస్‌గుప్తా కలిసి సిగ్నస్ ఎ అనే రేడియో వస్తువును కొలిచారు. అది ఒక చుక్కలా ఉంటుందని అనుకున్నారు. తేలింది వేరు: రేడియో తరంగాలు వచ్చేది గెలాక్సీ నుంచి కాదు, దానికి అటూ ఇటూ దూరంగా ఉన్న రెండు మేఘాల నుంచి!   

నడుమ ఏమీ లేకుండా రెండు మేఘాలు అంత దూరంలో ఎలా వెలుగుతున్నాయి? 1974లో రోజర్ బ్లాండ్‌ఫర్డ్, మార్టిన్ రీస్ చెప్పిన జవాబు ఇది: కేంద్రం నుంచి రెండు ధారలు ఆగకుండా శక్తిని మోసుకుపోతున్నాయి. అదే ఏడు ఫానరాఫ్, జూలియా రైలీ ఈ గెలాక్సీలను రెండు రకాలుగా విడదీశారు. మొదటి రకంలో వెలుగంతా కేంద్రానికి దగ్గర, అంచులకు పోయేకొద్దీ మసక. రెండో రకంలో వెలుగు కొసల్లో. 1977లో బ్లాండ్‌ఫర్డ్, జ్నాయెక్ ఇంకో అడుగు వేసి, తిరిగే కృష్ణబిలం అయస్కాంత బలరేఖలను మెలితిప్పి తన భ్రమణశక్తినే జెట్‌కు అందించగలదని చూపారు. దీనితో కథానాయకుడి పాత్ర కృష్ణబిలానికి దక్కింది. పాఠ్యపుస్తకాలు అక్కడే ఆగిపోయాయని నా ఫిర్యాదు.

తగవులోకి దిగేముందు, వస్తుందన్న ఊటీ కథ చెప్పేస్తాను. ఊటీ దగ్గర కొండవాలు మీద 530 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పుతో స్వరూప్ బృందం కట్టిన టెలిస్కోపు 1970లో పని మొదలుపెట్టింది. ఆ వాలు ఊటీ అక్షాంశానికి సరిపోయేది కావడంతో టెలిస్కోపు పొడవు భూమి అక్షానికి సమాంతరంగా కుదిరింది. ఒక్క అక్షం చుట్టూ తిప్పితే చాలు, గంటల తరబడి ఒకే వస్తువును వెంబడించవచ్చు. చంద్రుడు ఒక రేడియో వస్తువును కప్పేటప్పుడు సంకేతం పడిపోయే తీరును బట్టి ఆ వస్తువు రూపాన్నీ, పరిమాణాన్నీ కొలిచేవారు. ఇక హిందూపురం దాటాక రైలు దారిలో వచ్చే గౌరీబిదనూరులో 34.5 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే వెయ్యి డైపోళ్ల టెలిస్కోపు వెలిసింది. అంత తక్కువ పౌనఃపున్యం ఎందుకంటే, రేడియో మేఘాల్లోని ఎక్కువ శక్తిగల ఎలక్ట్రాన్లు త్వరగా నీరసిస్తాయి. ముసలి మేఘాల వెలుగు అడుగు పౌనఃపున్యాల్లోనే మిగులుతుంది.

ఇప్పుడు తగవులోకి వద్దాం. ఎం87 కృష్ణబిలం బరువు సుమారు 650 కోట్ల సూర్యుళ్లంత. ఆ జెట్ వెడల్పును కేంద్రం నుంచి బయటికి కొలుచుకుంటూ పోయిన అసాదా, నకమూరా 2012లో ఒక మార్పును పట్టుకున్నారు. కృష్ణబిలం వ్యాసార్థానికి సుమారు లక్ష రెట్ల దూరం వరకు ధార పరవలయంలా నెమ్మదిగా విచ్చుకుంటుంది. అది దాటాక సూటి శంకువులా పరుచుకుంటుంది. తుంగభద్ర కాలువ నీరు గట్ల మధ్య ఒదిగి పారి, గట్లు లేనిచోట విచ్చలవిడిగా పరుచుకున్నట్టు. చుట్టూ ఉన్న వాయువు ఒత్తిడే ఇక్కడ గట్టు.

దీనికంటే నాకు నచ్చిన సాక్ష్యం పుణే నుంచి వచ్చింది. 2000లో గోపాల్-కృష్ణ, పాల్ వీటా కొన్ని వింత గెలాక్సీలను ఎత్తిచూపారు. వాటిలో ఒకవైపు జెట్ మొదటి రకం, రెండోవైపుది రెండో రకం. కృష్ణబిలం ఒకటే, దాని భ్రమణం ఒకటే. తేడా లోపలిదైతే రెండువైపులా ఒకేలా ఉండాలి కదా!

బెంగళూరు రామన్ పరిశోధన సంస్థలో లక్ష్మీ సరిపల్లి, రవి సుబ్రహ్మణ్యన్ 2009లో ఇంకో కోణం తెచ్చారు. జెట్ల జంటకు అడ్డంగా ఇంకో జత రెక్కలు సాగిన ఎక్స్ ఆకారపు రేడియో గెలాక్సీల్లో జెట్, గెలాక్సీ నక్షత్రాల గుంపు పొడవాటి దిక్కుకు దగ్గరగా ఉంటుంది. రాక్షస రేడియో గెలాక్సీల్లో పొట్టి దిక్కుకు దగ్గరగా. పొట్టి దిక్కున పోయిన ధార త్వరగా బయటపడి పెరుగుతుంది. పొడవాటి దిక్కున కొస నుంచి వెనక్కి మళ్లిన ప్లాస్మా గెలాక్సీ వాయువును తాకి పక్కలకు తిరిగి, రెక్కలవుతుంది.

అయితే నా పక్షానికీ ఒక చిక్కుంది. రెక్కలు పాత ప్లాస్మా అయితే అవి అడుగు పౌనఃపున్యాల్లోనే ప్రకాశవంతంగా ఉండాలి, పై పౌనఃపున్యాల్లో త్వరగా మసకబారాలి. 3సి 223.1 అనే ఎక్స్ గెలాక్సీని లాల్, ప్రమేష్ రావు ఖోడద్‌లోని జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపుతో చూసి 2005లో ప్రకటించినదాని ప్రకారం, అక్కడ వ్యవహారం తిరగబడింది. పాతవి కావలసిన రెక్కల్లోనే పై పౌనఃపున్యాల వెలుగు ఎక్కువగా నిలిచి ఉంది. వెనక్కి మళ్లిన ధార లెక్కకు ఇది ఒదగదు. కృష్ణబిలం మధ్యలో దిక్కు మార్చుకుందనే ఎదుటి పక్షం లెక్కకూ ఒదగదు. లాల్, రావు లేవనెత్తిన మూడో ఊహ, కేంద్రంలో రెండు కృష్ణబిలాలుండి రెండు జంటల జెట్లు ఒకేసారి చిమ్ముతున్నాయేమో అన్నది. దాన్ని తేల్చాలంటే ఆ రెక్కల మొదళ్లను ఇంకా సూక్ష్మంగా చూడాలి.