కంటి కొలతల చీటీ ఎవరిది?

(సంఘ సాధారణ సభలో చేసిన ప్రసంగపాఠము)



నేటి ప్రసంగవిషయము వినగానే కొందరు సభ్యులు చిరునవ్వు నవ్వుట గమనించితిమి. భాషాల్పసంఖ్యాకుల సంఘమున బడుల సంగతియో, పాఠ్యపుస్తకముల సంగతియో మాటలాడవలెను గాని కంటి లెన్సుల ప్రసక్తి యెందుకని వారి యభిప్రాయము కావచ్చును. అయితే ఇటీవల అర్జీలు వ్రాసిపెట్టుడని మా యొద్దకు వచ్చిన వారిలో ఈ చీటీ కొరకు వచ్చినవారును కొందరుండిరి. అర్జీ వ్రాయుట మన సంఘమునకు పుట్టుకతో వచ్చిన పని. అది బడికైననేమి, కంటికైననేమి?

సంగతి యిది. మన పిల్లలలో అనేకులు నేడు సులోచనములు మాని కాంటాక్టు లెన్సులు పెట్టుకొనుచున్నారు. కంటి క్లినిక్కులో పరీక్ష చేయించుకొని, రుసుము చెల్లించి, లెన్సులు సరిపడినవని వైద్యుడు చెప్పిన పిదప, "అయ్యా, కొలతలు వ్రాసి యిండు" అనగానే అచ్చటివారి ముఖము మారును. "లెన్సులు మా యొద్దనే కొనవచ్చును గదా, చీటీ యెందుకు?" అందురు. మన కుటుంబములలోని ఒక అమ్మాయికి పూనాలో ఉద్యోగము వచ్చినది. ఆమె చీటీ కొరకు ఇచ్చటి క్లినిక్కునకు మూడు మారులు పోయినది. మొదటిసారి డాక్టరుగారు లేరనిరి. రెండవసారి కొలతలన్నియు కంప్యూటరులో నున్నవి, కాగితముపై ఇచ్చు ఆచారము లేదనిరి. మూడవసారి మరల పరీక్ష చేయవలెను, మరల రుసుము కట్టవలెననిరి. పరీక్ష జరిగి అప్పటికి రెండు మాసములైనను కాలేదు! ఆమె తండ్రి తగవులకు పోవువాడు కాడు. "వంద కిలోమీటర్లు కాదు, వేయి కిలోమీటర్ల దూరము పోవుచున్న పిల్ల ప్రతి మూడు నెలలకు లెన్సులకై ఇంటికి రావలెనా?" అని మాత్రము మమ్ములను అడిగినాడు. ఆ ప్రశ్నకు మా యొద్ద సమాధానము లేక, కాగితము కలము తీసికొంటిమి. ఏమి వ్రాసితిమో, దాని ఫలితమేమో ముందు చెప్పెదము.

మొదట ఈ చీటీలో నేముండునో తెలిసికొనుట మంచిది. సులోచనముల చీటీయే చాలునని చాలమంది భ్రమ. అది చాలదు. సులోచనము కంటికి సుమారు 12 మిల్లీమీటర్ల దూరమున నుండును. లెన్సు కంటి పైపొరను అంటియే యుండును. ఈ స్వల్పదూరము వలననే సంఖ్య మారిపోవును. సులోచనములలో మైనసు 6.00 ఉన్నవారికి లెన్సులో సుమారు మైనసు 5.50 చాలును. ప్లస్సు సంఖ్యవారికిది తలక్రిందులు, ప్లస్సు 6.00 వారికి సుమారు ప్లస్సు 6.50 కావలసివచ్చును. 4.00 లోపు సంఖ్యలలో ఈ భేదము లెక్కింపదగినది కాదు గాని, అంతకు పైబడిన కొలది తేటగా తెలియును. సులోచనముల చీటీని ముందు పెట్టుకొని ఇంటర్నెట్టులో లెన్సులు తెప్పించుకొను కుర్రవారు ఈ మాట చెవిని పెట్టవలెను.

శక్తి యొక్కటియే కాదు. లెన్సు లోపలివైపు వంపును బేసుకర్వు అందురు. మెత్తని లెన్సులలో అది 8.4, 8.6 మిల్లీమీటర్లు, ఇట్లుండును. వంపు బిగువైనచో లెన్సు కంటిని పట్టుకొని కదలదు. వదులైనచో రెప్ప వేసినప్పుడెల్ల జారును. మొత్తపు వెడల్పు 14.0 లేక 14.2 మిల్లీమీటర్ల ప్రాంతమున నుండును. కంటి పైపొర అన్ని దిక్కుల ఒకే వంపుగా లేని వారికి సిలిండరు సంఖ్యయు, దాని ఆక్సిస్ డిగ్రీలును ఉండవలెను. వీటన్నిటితో పాటు లెన్సు పేరు, తయారీదారు పేరు తప్పక ఉండవలెను. ఒకే కొలతలు గల రెండు కంపెనీల లెన్సులు ఒకే కంటిపై ఒకేరీతిగా కూర్చొనవు. అందుచేతనే లెన్సు అమరిక చూచుటకు వేరు పరీక్ష, వేరు రుసుము. ఆ రుసుము న్యాయమైనదే. అది చెల్లించిన పిదప దాని ఫలితమును దాచుకొనుట మాత్రము న్యాయము కాదు.

చీటీపై ఓడీ, ఓఎస్ అని యుండును. ఓడీ కుడికన్ను, ఓఎస్ ఎడమకన్ను. ఇవి లాటిను మాటలకు పొడి అక్షరములు. ఆ భాష ఏ రాష్ట్రమునందును ఇంటిభాష కాదు గనుక, ఈ ఒక్క చీటీ ముందర తమిళులు, కన్నడిగులు, ఒడియావారు, మరాఠీలు, మనము, అందరమును అల్పసంఖ్యాకులమే.

క్లినిక్కువారి పక్షమున చెప్పదగినదియు కలదు. పరీక్షింపబడిన మొదటి దినముననే లెన్సు అమరినట్లు తేలదు. కొన్ని దినములు పెట్టుకొని చూచి, మరల కన్ను చూపించవలెను. ఆ నడుమ చీటీ యిచ్చుటకు వైద్యుడు సందేహించినచో అది వైద్యధర్మమే. కన్ను ఎఱ్ఱబడియున్నను, పుండు పడియున్నను, పరీక్ష జరిగి చాలకాలమైనను నిరాకరించుట సమంజసమే. అట్టి నిరాకరణకు ఒక కారణముండును. అడిగినచో ఆ కారణము చెప్పుదురు. కారణము చెప్పక "మా పద్ధతి యింతే" అన్నప్పుడు అది వైద్యము కాదు, వ్యాపారము. పరీక్షించువారే లెన్సులు అమ్మువారు కూడ అయినచోట ఈ చిక్కు ఏ దేశమునందైనను పుట్టును.

అమెరికాలో పుట్టినది కూడ. మనవారి పిల్లలు అచ్చట నున్నారు గనుక ఆ సంగతి కొంత చెప్పుట అవసరము. సులోచనముల చీటీని పరీక్ష ముగియగానే ఇయ్యవలెనని అచ్చట 1978లోనే నియమము వచ్చినది. కాంటాక్టు లెన్సుల వారికి ఆ హక్కు దేశమంతటికిని చెల్లునట్లు 2003లో శాసనము చేయబడి, 2004 ఫిబ్రవరి 4 నుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము లెన్సు అమరిక ముగియగానే, రోగి అడిగినను అడుగకున్నను, చీటీ ఇచ్చితీరవలెను. చీటీకి వేరుగా డబ్బు పుచ్చుకొనరాదు. లెన్సులు తమ యొద్దనే కొనవలెనని షరతు పెట్టరాదు. మాకు బాధ్యత లేదని రోగిచేత సంతకము చేయించుకొనరాదు. వైద్యకారణము లేనిదే చీటీకి ఒక సంవత్సరము కంటె తక్కువ గడువు పెట్టరాదు. బయటి అమ్మకందారుడు కొలతలు సరియా యని క్లినిక్కును అడిగినప్పుడు 8 పనిగంటలలో జవాబు రానిచో, కొలతలు సరియైనవిగనే ఎంచబడును! ఇంత కట్టుదిట్టము చేసినను కొందరు ఇయ్యకుండిరి కాబోలు, 2020లో నియమమును ఇంకను బిగించి, చీటీ ముట్టినట్లు రోగి సంతకము తీసికొని మూడేండ్లు భద్రపరచవలెననియు, రోగి మరల ప్రతి కోరినచో 40 పనిగంటలలో ఇయ్యవలెననియు చేర్చిరి. అక్కడి మన పిల్లలు ఈ హక్కు నెరుగక క్లినిక్కువారు చెప్పిన ధరకే లెన్సులు కొనుచుండవచ్చును. ఫోనులో మాటలాడునప్పుడు ఒకమాట చెప్పుడు.

మన దేశమున లెన్సుల చీటీకని ప్రత్యేకముగా ఇట్టి శాసనము లేదు. అయినను మనము వట్టిచేతులతో లేము. 2002 నాటి భారత వైద్యమండలి నడవడి నియమములలో, రోగి గాని అతని తరఫువారు గాని వైద్యపత్రములు కోరినచో, కోరినట్లు రసీదు ఇచ్చి 72 గంటలలో పత్రములు ఇయ్యవలెనని యున్నది. 2023లో క్రొత్త నియమములు ప్రకటింపబడి, ఆ నెలలోనే నిలిపివేయబడినవి గనుక 2002 నియమములే నేటికిని ఆధారము. ఇందొక మెలిక కలదు. దానికి ముందున్న వాక్యము ఆసుపత్రిలో చేరి పడకలో నున్న రోగుల పత్రములను గూర్చి చెప్పుచున్నది. వచ్చిపోవు రోగులకిది వర్తింపదని ఒక వైద్యుడు వాదింపవచ్చును. పైగా ఈ నియమములు వైద్యులకే గాని, వైద్యపట్టము లేని ఆప్టోమెట్రిస్టుకు వర్తింపవు. కాబట్టి దీనినొక్కదానినే నమ్ముకొనరాదు.

జాతీయ మానవహక్కుల సంఘము 2018లో రోగుల హక్కుల పట్టికను సిద్ధము చేసినది. కేంద్ర ఆరోగ్యశాఖ 2019లో దానిని రాష్ట్రములకు పంపినది. తన పత్రములు తాను పొందు హక్కు, మందులు తనకిష్టమైనచోట కొనుక్కొను హక్కు అందున్నవి. అది శాసనము కాదు గాని, గోడపై వ్రేలాడదీసిన క్లినిక్కునకు దానిని చూపించుట సులభము. ఇక గట్టి ఆయుధము 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము. ఒక వస్తువు కొన్ననేగాని మరియొక సేవ ఇయ్యమనుట ఆ చట్టములో నిర్బంధ వ్యాపారపద్ధతిగా పేర్కొనబడినది. చేసిన సేవకు రసీదు ఇయ్యకుండుట అక్రమ వ్యాపారపద్ధతి. రుసుము తీసికొని చేయు వైద్యము వినియోగదారుల చట్టము క్రిందికి వచ్చునని 1995లోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పియున్నది. మనవంటివారికి ముఖ్యమైన విషయమేమనగా, ఫిర్యాదు క్లినిక్కున్న ఊరిలోనే వేయనక్కరలేదు. తాను నివసించు జిల్లాలోనో, పని చేయు జిల్లాలోనో వేయవచ్చును. పూనాలోని అమ్మాయి పూనాలోనే వేయవచ్చునన్నమాట. చెల్లించినది అయిదు లక్షలలోపు అయినచో దాఖలు రుసుము లేదు. రెండేండ్లలోపల వేయవలెను.

అయితే ఒక చీటీకై కమిషను మెట్లు ఎక్కవలసిన పని సాధారణముగా రాదు. ఆ అమ్మాయి విషయమున మేము వ్రాసినది ఎనిమిది పంక్తుల ఉత్తరము. ఏ తేదీన పరీక్ష జరిగినది, రసీదు సంఖ్య యెంత, ఏ కొలతలు కావలెను, ఏ తేదీలోపల కావలెను, ఇయ్యరాదను అభిప్రాయమున్నచో వైద్యకారణమును వ్రాతమూలముగా తెలుపుడని. అంతే. బెదిరింపు లేదు, కోపము లేదు. రెండు ప్రతులు తీసికొనిపోయి, ఒకదానిపై ముట్టినట్లు ముద్ర వేయించుకొని రమ్మంటిమి. ముద్ర వేయుటకు కౌంటరువారు తటపటాయించి లోపలికి పోయినారు. నాలుగవ దినమున చీటీ వచ్చినది. నోటిమాటకు "రేపు రండు" అని చెప్పువారు కూడ కాగితమునకు జవాబు ఆలోచించి చెప్పుదురు.

పరీక్షకు పోకముందే, "చీటీ ఇచ్చెదరా?" అని ఫోనులో అడిగి తెలిసికొనుట అన్నిటికంటె సులువు. ఇయ్యమన్నచో మరియొక క్లినిక్కు చూచుకొనవచ్చును. లెన్సులు వచ్చిన పెట్టెలను పారవేయకుడు. పెట్టెపై శక్తి, వంపు, వెడల్పు, గడువు అచ్చువేసియే యుండును. పెట్టె చీటీ కాదు; అయినను కొలతలు పరమరహస్యమని చెప్పువారికి అది చాలినంత సమాధానము. కొన్ని దుకాణములు ఒక పెద్ద కంపెనీ లెన్సునే తమ పేరుతో అమ్మును. అట్టిచోట అసలు తయారీదారు ఎవరో చీటీపై వ్రాయించుకొనుడు, లేనిచో వేరొక ఊరిలో ఆ పేరే ఎవరికిని తెలియదు.

భాష సంగతి. క్లినిక్కునకు వ్రాయు ఉత్తరము ఈ రాష్ట్రభాషలోనో ఇంగ్లీషులోనో యుండుట మేలు; చదువువారికి అర్థము కావలెను గదా. ప్రభుత్వాధికారికి వ్రాయు అర్జీ విషయము వేరు. రాజ్యాంగము 350వ అధికరణము ప్రకారము కష్టనివారణకై ఏ అధికారికైనను, ఆ రాష్ట్రములో గాని కేంద్రములో గాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను అర్జీ పెట్టుకొనవచ్చును. జాతీయ వినియోగదారుల సహాయ ఫోను సంఖ్య 1915; అచ్చట తెలుగులో మాటలాడువారును ఉన్నారు. మన ముసలివారు తమ బాధను తమ మాటలలో చెప్పుకొనవచ్చును. తెలుగు అర్థము కాదని విసుగుకొను గుమాస్తా ముందు నిలువబడిన యనుభవము మనకు తరతరములది గనుక, ఈ సంఖ్యను వంటింటి గోడపై వ్రాసిపెట్టుకొనుట మంచిదని మా సలహా.

కెరటోకోనసు అను జబ్బు గలవారిని గూర్చి ఒకమాట. కంటి పైపొర పలుచనై కోనుగా ముందుకు వచ్చు ఈ జబ్బు సాధారణముగా యౌవనమున కనబడును. ముదిరినచో సులోచనములతో చూపు చక్కబడదు, గట్టి లెన్సులు కావలెను. అవి ఒక్కొక్క కంటికి వేరువేరుగా అమర్చి చేయించునవి. చీటీలో మేము చెప్పినవానికంటె ఎక్కువ కొలతలుండును. ఇట్టివారు వేరే ఊరికి పోవునప్పుడు చీటీతో పాటు కంటి ఉపరితలపు పటమును, అనగా టోపోగ్రఫీ కాగితమును కూడ అడిగి తీసికొనిపోవలెను. మునుపటి పటము లేనిచో జబ్బు పెరిగినదో నిలిచినదో క్రొత్త వైద్యునికి తెలియదు. వీరికి చీటీ నిరాకరించుట వ్యాపారపు చిక్కు మాత్రమే కాదు, చూపునకే హాని.

అర్జీల నమూనాలు తెలుగున ఒకటి, ఇంగ్లీషున ఒకటి, ఈ రాష్ట్రభాషలో ఒకటి ప్రతులు తీయించి బల్లపై ఉంచినాము. తేదీల చోట్లు, రసీదు సంఖ్య చోట్లు ఖాళీగా నున్నవి. రసీదు దొరకనివారు డబ్బు చెల్లించిన బ్యాంకు సందేశమును చూపించినచో మేమే పూరించి యిచ్చెదము.