పూతయు పంటయు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



వసంతమును వర్ణింపని కవి లేడు. కాళిదాసు ఋతుసంహారమున ఆరు ఋతువులను వర్ణించి, కావ్యమును వసంతముతో ముగించెను. మన్మథుని పంచబాణములలో మామిడిపూత యొకటి యని పెద్దలు చెప్పుదురు. ఆ బాణము విరహులకెట్లు తగులునో కావ్యములయందు కలదు. రెండెకరముల తోట గల రైతునకు అది యెట్లు తగులునో కావ్యములయందు లేదు. నేటి ప్రసంగమునకు అదియే విషయము.

విశాఖపట్టణ ప్రాంతమున వసంతము పంచాంగముకొఱకు వేచియుండదు. పుష్యమాసముననే మామిడి పూతకు వచ్చును. దానివెంట జీడిమామిడి పూయును. ఫాల్గుణమున మోదుగలు కొండవాలులను ఎఱ్ఱజేయును. వరి కోసిన మళ్లలోని పెసలు, మినుములు ఉగాదికి ముందే ఇల్లు చేరును. మల్లెమొగ్గలను ఇంటి స్త్రీలు ప్రొద్దెక్కకముందే కోయుదురు. విచ్చిన మల్లెకు అంగడిలో వెల తగ్గును. ఇట్లు చిన్న కమతమునకు పూవే తొలి పంట. కాని మల్లెపూవు పూవుగానే అమ్ముడుపోవలయును. మామిడిపూవు పూవుగా అమ్ముడుపోయినచో ఏమగునో విచారింపవలయును.

మామిడి యొక్క ఒక్క పూగుత్తిలో పూవులు వేలకొలది యుండును. అందు పెక్కు మగపూవులు. అవి కాయలు కానేరవు. మిగిలిన పూవులకు ఈగలు, తేనెటీగలు పుప్పొడిని చేర్పవలయును. పిమ్మట కట్టిన పిందెలలోను అధికభాగము రాలిపోవును. గుత్తికి ఒకటి రెండు కాయలు కడవఱకు నిలిచినచో అది మంచి కాపే. నడుమ తేనెమంచు పురుగు, బూడిద తెగులు, అకాలవర్షము ఉండనే యున్నవి. నిండుపూతమీద మందు చల్లినచో పురుగుతోపాటు పుప్పొడి చేర్చు ఈగయు చచ్చును. కావున చల్లవలసిన మందును పూత విచ్చుటకు ముందే చల్లుట మేలు.

ఈ స్థితియందే వర్తకుడు తోటకు వచ్చును. పూతను చూచి బేరమాడి, బయానా చేతిలో పెట్టును. ఇది కేవలము మోసమని నిందించుట న్యాయము కాదు. గాలికిని తెగులునకును కలుగు నష్టమును అతడు తనపై వేసికొనుచున్నాడు. ఆ భారమునకు అతడు పుచ్చుకొను కూలి యెంత యన్నదే ప్రశ్న.

ఒక ఊహాలెక్క వేసి చూతము. ఇరువది చెట్ల తోటను పూతమీద ఏటికి 15 వేల రూపాయలకిచ్చినచో నాలుగేండ్లకు 60 వేలు. తానే కాపాడుకొనినచో ఒక యేడు ఏమియు రాక, ఒక యేడు 20 వేలు, రెండేండ్లు 40 వేల చొప్పున వచ్చినవనుకొందము, మొత్తము లక్ష. మందు, కాపలా, కోతకూలి ఖర్చులు 28 వేలు పోగా మిగులు 72 వేలు. లాభము 12 వేలు. కాని కాపులేని యేడు మొదటనే వచ్చినచో? రావలసిన 15 వేలు రాలేదు. పెట్టిన ఖర్చు 4 వేలు పోయినది. ఆ 19 వేలును నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చి, రెండేండ్లకు తీర్చినచో వడ్డీ 9,120 రూపాయలు. లాభమున మిగిలినది 2,880 మాత్రమే!

కావున పూత నమ్మరాదని శాసించుట సులభము, ఆచరించుట కష్టము. సగము చెట్లను పూతమీద ఇచ్చి, సగమును నిలుపుకొనుట మధ్యేమార్గము. నిలుపుకొన్న సగము చేతికి బలమిచ్చిన కొలదిని, ఇచ్చెడి సగమును ఏటేట తగ్గింపవచ్చును.

ఇక తొలికోత. ఈ ప్రాంతమునకు కీర్తి దెచ్చిన సువర్ణరేఖ ముందుగా అందివచ్చు జాతి. తొలి పండునకు వెల హెచ్చు. ఆ యాశచే ముదరని కాయను త్రెంపుట, కార్బైడుతో రంగు తెప్పించుట జరుగుచున్నవి. కార్బైడుతో మాగబెట్టుట 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలచే నిషిద్ధము. ముదిరిన కాయకు తొడిమ చుట్టును భుజములు పొంగును. నీట వేసినచో మునుగును. కొంచెము తొడిమ నుంచి కోసినచో సొన కాఱి తొక్క మాడదు. మన్యమునందలి గిరిజనులు కొత్తపండుగ చేయనిదే కొత్త ఫలమును నోట పెట్టరు. అది దేవతలకు చూపెడి భక్తి మాత్రమే కాదు, కాయ ముదురువఱకు చెట్టునకిచ్చిన గడువు కూడ.

ఈ ప్రాంతమున కమతములు చిన్నవైనవి. 1933లో రేవు తెఱవబడినది. 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. దానికొఱకు అనేక గ్రామముల భూములు పోయినవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఏండ్లతరబడి పెంచిన చెట్లను ఒక్కదినమున కూల్చినది. అయినను ఆ రేవును ఉక్కును పెంచిన నగరమే నేడు తోటకు అంగడి. 1999లో ఆరంభమైన రైతుబజారులయందు రైతు తన పండును తానే అమ్మవచ్చును. కొనువాడు దగ్గఱనున్నప్పుడు పేరు కూడ దగ్గఱనుండియే వచ్చును. పచ్చికాయ నమ్మినవాని పేరు మఱుసటి వారమునకే చెడును.

ఈ గ్రంథాలయమున కావ్యములున్నవి, పురాణములున్నవి. వానిసరసన మఱియొక పుస్తకము నుంచుట మంచిది. ఏ తోట ఏ దినమున పూచినది, ఎప్పుడు మంచు పట్టినది, పూతమీద ఎంత పలికినది, కోతనాడు ఎంత వచ్చినది అని రైతులే ఏటేట అందు వ్రాయవలయును. పదియేండ్లు నిండునప్పటికి వర్తకునితో కూర్చుండు రైతునకు తన ఒక్కని జ్ఞాపకమే కాక, ఊరి లెక్క యంతయు తోడుండును. ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయమునకు ఇది తగిన పని. వచ్చు పుష్యమాసమున తొలిపూత కనిపించిన దినముననే మొదటి పంక్తి వ్రాయబడును గాక.

స్వస్తి.