అన్నము మానదలచిన వారితో ఒక మాట
కోడుమూరు సంఘ కూడికలో చేసిన ప్రసంగ పాఠము



ఈ సాయంకాలము మేము కంచములోని అన్నమును గూర్చి మాట్లాడదలచితిమి. కారణము దాచుకొనము. కొంతకాలము క్రిందట మేము బరువు తగ్గుటకై అన్నము, రొట్టె మానివేసితిమి. రెండు వారములలో నాలుగు కిలోలు తగ్గగా, సంతోషము పట్టలేక ఈ వేదిక మీదనుండియే ఆ పద్ధతిని పొగడితిమి. మా మాట నమ్మి, చక్కెర వ్యాధిగల పెద్దాయన ఒకరు అన్నము మానిరి. మాత్రలు మాత్రము ఎప్పటివలెనే వేసికొనిరి. ఆరవ దినమున తెల్లవారుజామున చెమటలు పట్టి, మాట తడబడి, కూలబడిరి. స్పృహ ఉండగనే కోడలు చక్కెర నీళ్లు త్రాగించి కర్నూలుకు చేర్చినందున బ్రదికిరి. ఆనాడు మేము ఎంతో సిగ్గుపడితిమి.

ఈ పద్ధతి మనకు కొత్త కాదు. 2017, 2018 సంవత్సరములలో వీరమాచనేని రామకృష్ణగారు చెప్పిన ఆహార విధానము తెలుగునాట ఊరూర వినబడెను. అన్నము, గోధుమ, చక్కెర విడిచి, దినమునకు 70 మొదలు 100 గ్రాముల వరకు కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, విటమిను మాత్రలు తీసికొమ్మని అందులో చెప్పిరి. లండనులో విలియం బాంటింగ్ అను ఆయన ఇటువంటి పథ్యమును గూర్చి 1863లోనే చిన్న పుస్తకము వ్రాసెను.

ఇందులో జరుగునదేమి? పిండిపదార్థము చాలనప్పుడు శరీరము కొవ్వును కరిగించుకొనును. కాలేయము ఆ కొవ్వునుండి కీటోనులను తయారుచేయును. అయితే మన ఒంట నిలువయుండు పిండిపదార్థము గ్రాముకు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకొనియుండును. నిలువ తరగగానే ఆ నీరును పోవును. కనుక మొదటి వారములో తగ్గినది చాలవరకు నీరే. మేము తగ్గిన నాలుగు కిలోలలో మూడు, నూరేండ్ల పండుగ భోజనములలో తిరిగి వచ్చెను!

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు 609 మందిని ఏడాదిపాటు పరిశీలించి 2018లో ఫలితము ప్రకటించిరి. కొవ్వు తగ్గించినవారు సగటున 5.3 కిలోలు, పిండిపదార్థము తగ్గించినవారు 6 కిలోలు తగ్గిరి. అది చెప్పుకోదగిన తేడా కాదని వారే తేల్చిరి.

మేలు లేదని మేము అనము. రక్తములో చక్కెర, ట్రైగ్లిజరైడ్లు తగ్గును. అయితే కొందరికి చెడు కొలెస్టరాలు పెరుగును. తలనొప్పి, మలబద్ధకము, పిక్కలు పట్టుట కలుగును. ఇన్సులిను గాని చక్కెర మాత్రలు గాని వాడువారు, మూత్రపిండముల జబ్బు గలవారు, గర్భిణులు, పాలిచ్చు తల్లులు వైద్యుని అడుగక దీనికి పూనుకొనరాదు. పేరు చివర గ్లిఫ్లోజిన్ అని యుండు మాత్రలు వాడువారికి, చక్కెర ఎక్కువగా పెరుగకుండగనే కీటోనులు ముదిరి ప్రాణాపాయము కలుగవచ్చును.

మన తాతలు జొన్నరొట్టె, కొర్రన్నము, రాగిసంగటి తిన్నవారు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యము వచ్చిన పిమ్మట తెల్లన్నము పేదయింటి కుండలోనికి చేరెను. ఆకలి తీర్చిన ఆ గింజను నిందింపకూడదు. గుంటక తోలినవాడు తినిన ముద్దను నేడు కుర్చీలో కూర్చున్నవాడు తినుచున్నాడు. చిక్కు అక్కడ నున్నది. సంగటియు పిండిపదార్థమే గనుక దానికిని కొలత కావలెను. దినములో మనకు అందు శక్తిలో ధాన్యముల వాటా 45 శాతము మించరాదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో సూచించిరి. అనగా ముద్ద చిన్నదిగా, కూర, ఆకుకూర, పప్పు పెద్దవిగా ఉండవలెను. గ్రుడ్డో, గుప్పెడు బుడ్డలో చేర్చుకొనవచ్చును.

ఆ పెద్దాయన ఇప్పుడు పూటకొక జొన్నరొట్టె, గోంగూర పప్పుతో తినుచున్నారు. వైద్యుడు మాత్రల మోతాదు తగ్గించెను. కనుక మా మనవి ఒక్కటే: కంచము మార్చదలచిన దినమున, ముందుగా మీ మందుల చీటీని వైద్యునికి చూపుడి. వేదిక మీదివారి మాట, అది మాదైనను సరే, దాని తరువాతనే వినుడి.